ఫారో బంగారం, మన బెల్లం

కేసముద్రం మార్కెట్ యార్డు ముంగట చాయ్ హోటల్‌ల పదిహేను దినాల సంది మిర్చి రేటు ముచ్చటే లేదు. మా గల్లీ రిటైర్డ్ సారు ఈజిప్టు పోయొచ్చిండు. అమెరికల ఉన్న కొడుకు టికెట్లు కొనిచ్చిండు, సారు ఒక్క దినంల మూడున్నర వేల ఏండ్లు చూసొచ్చిండు. పొద్దుగాల కర్ణాక్ గుడి, చాయ్ యాళ్లకు హత్షెప్సుట్ రాణి గుడి, ఎండ ముదరకముందే రాజుల లోయ, పొద్దుగూకే వరకు అత్తరు దుకాణం. అన్నిట్ల ఎక్కువసేపు కూసున్నది అత్తరు దుకాణంలనే.

రాజుల లోయల అరవై మించి సమాధులున్నయి. మామూలు టికెట్ మీద మూడింట్లకే పోనిస్తరు, టుటన్‌ఖామున్ రాజు సమాధికి టికెట్ వేరే. "చచ్చినోనికి గూడ శీఘ్రదర్శనమా సార్?" అన్నడు చాయ్ పోసేటాయన. "మమ్మీ నేను గూడ చూసిన. అమ్మను దవాఖానకు తోల్కపోయినప్పుడు, పట్నంల, పబ్లిక్ గార్డెన్ మ్యూజియంల."

"అది వేరు, ఇది వేరు" అన్నడు సారు. "మన దిక్కు ఏమున్నయి, చూసేటందుకు?"

గా మాట మా పోరగాండ్లకు సురుక్కుమన్నది. అయితారం తుఫాను బండి మాట్లాడిన్రు. సారుతోని కలిపి పదిమందిమి, ఒక గైడు. గైడంటే మైకు, గొంతు రెండూ ఉన్న పిలగాడు. నర్సంపేట మీదికెళ్లి పాలంపేట చేరినం.

రామప్ప గుడి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213ల కట్టించిండు. ఇసుక నింపిన పునాది, నీళ్లల్ల తేలే ఇటుక, 2021ల యునెస్కో గుర్తింపు. ఇదంతా గైడు నిమిషమున్నరల అప్పజెప్పిండు. ఎనిమిదొందల ఏండ్ల సంది చూరు కింద నిలవడ్డ నల్లరాతి మదనిక బొమ్మల ముంగట మావోళ్లు నలబై నిమిషాలు రీల్సు తీసిన్రు. చెరువు కట్ట మీద చాపల కూరకు గంటన్నర. ఘనపురం కోటగుళ్ల కాడ బండి నెమ్మదైంది గని ఆగలే. "గివి గూడ గట్లనే ఉంటయ్ సార్, ఫొటో కిటికీలకెళ్లి తీసుకోన్రి" అన్నడు గైడు. కాకతీయుల గుళ్ల గుంపు మొత్తం ఒక్క కిటికీల పట్టింది.

"సమాధులు చూపియ్యవా?" అని నేనడిగిన. తాడ్వాయి మండలం దామరవాయి గుట్ట మీద రాకాసి గూళ్లున్నయి. నాలుగు దిక్కుల బండలు నిలవెట్టి, మీద ఇంకో పెద్ద బండ కప్పిన ఆదికాలపు సమాధులు, వందకు పైననే. గైడు తల గీక్కుండు. "ఆడికెందుకు సార్? టికెట్ గూడ ఉండదు."

"టికెట్ లేని కాడ చూసేదేముంటది?" అన్నడు సారు. ఈజిప్టు పోయొచ్చినంక ఆయనకు గదే కొలత.

అయినా పోయినం. అంత బండ మనిషి లేపలేడని, రాకాసులే లేపిన్రని పెద్దోళ్ల మాట. పిరమిడ్లను వేరే గ్రహమోళ్లు కట్టిన్రని టీవీవోడు చెప్తడు. చెమట కార్చినోనికి పేరు దక్కకుంట చేసుట్ల ఆ దేశం ఈ దేశం ఒక్కటే.

సారు ఒక గూట్లకు తొంగి చూసి, "బంగారమున్నదా?" అన్నడు. లేదు సార్. గిసొంటి సమాధులల్ల దొరికేటియి కుండలు, ఇనుప సామాన్లు. సారు మల్ల బండెక్కిండు.

ఆయననేమంటం? లోకమంతా అడిగేది గదే. మూడు వేల ఏండ్ల కిందనే ఫారోల సమాధులను దొంగలు తవ్వితే, పట్టుకొని అడిగిన సంగతులు పపైరస్ మీద రాసి పెట్టిన్రు. టుటన్‌ఖామున్ సొమ్ము 1922 దాకా ఎందుకు మిగిలింది? తొవ్వ మీద మట్టివడి, ఆడ ఒక రాజున్నడన్న సంగతే జనం మరిచిన్రు గనుక. మన దిక్కు గూడ పాత బండ కనవడితే పురావస్తు శాఖోళ్ల కన్న ముందు గుప్తనిధులోళ్లు వస్తరు. నిమ్మకాయలు, పసుపు, పలుగు. ఆ గుంతల దగ్గర ఏ గైడూ మైకు పట్టడు.

నవ్వొచ్చేదేందంటే, రెండేండ్లకోపారి మా కేసముద్రమంతా గీ తాడ్వాయి మండలానికే పోతది. మేడారంల సమ్మక్క సారలమ్మకు ఎత్తు బంగారం ఇస్తది. మన తల్లులకు బంగారమంటే బెల్లం. దాని కోసం గుంత తవ్వేది చీమ ఒక్కటే. గసొంటి గడ్డ మీదికొచ్చి సమాధులల్ల నిజం బంగారం ఎతుకుతున్నం.

ఈపారి జాతరకు పోతే, తల్లులకు బెల్లం ముట్టజెప్పినంక దామరవాయి గుట్ట గూడ ఎక్కున్రి. టికెట్ లేదు, అత్తరు దుకాణం లేదు. పలుగు మాత్రం ఇంటికాడనే పెట్టి రాన్రి.