రచన వాయిదా, చర్చ ప్రత్యక్ష ప్రసారం

సెలవు రోజు. మన రచయితగారు వ్యాసం రాద్దామని పెన్ను మూత తీశారు. టీ వచ్చింది, మూత పెట్టారు. పక్కింటాయన వచ్చాడు, పెన్నే పక్కన పెట్టారు.

'కార్తీకదీపం' మీద చర్చ మొదలైంది. 2017లో మొదలైన సీరియల్ 2023 దాకా సాగింది. అందులో హీరో డాక్టర్‌బాబుకు భార్య మీద అనుమానం తీరడానికి ఏళ్లు పట్టింది. అది చాలక 2024లో రెండోది! "సాగదీతకైనా హద్దుండాలి కదండీ" అని రచయితగారు రెండు గంటలు వాపోయారు. (నాలుగు వారాలుగా ఆయన వ్యాసం మొదటి వాక్యంలోనే ఉంది లెండి.)

సబ్‌ఎడిటర్ ఫోన్ చేస్తే, "సమకాలీన కథనరీతులను పరిశీలిస్తున్నా" అన్నారు గంభీరంగా.

"ఆ సీరియల్ రాసేవాళ్లు రోజుకో ఎపిసోడ్ ఇచ్చారండీ!" వంటింట్లోంచి ఇల్లాలి గొంతు.

రచయితగారు టీవీ వాల్యూమ్ పెంచారు.