తీరికోపదేశం: సటీకా తాత్పర్యం

అవతారిక

మల్లినాథసూరి మెదక్ సీమలోని కొలిచెలమ వాడు. కాళిదాసు కావ్యాలు మూడింటికి ‘సంజీవని’ అనే వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ముందే ఒట్టేసుకున్నాడు. మన ఎదుట ఉన్న మూలం రఘువంశం కాదు, వాట్సాప్ సందేశం. కాబట్టి ఆ ఒట్టు నాకు వర్తించదు. మూలంలో లేనివి చాలా రాస్తాను. అక్కర్లేదనుకున్న చోట పాఠకులు పేజీ తిప్పేసుకోవచ్చు. టీకాతాత్పర్యాల పుస్తకాలు చదివే పద్ధతి మొదట్నించీ అదే కదా.

గ్రంథకర్తలు ఇద్దరు. ప్రశ్న వేసినవాడు నా మేనల్లుడు, హైదరాబాదులో కూకట్‌పల్లి నివాసి, వృత్తి సాఫ్ట్‌వేరు. జవాబిచ్చినవాణ్ణి నేను, తెనాలి నివాసిని, రిటైరైన తెలుగు మాస్టార్ని. రచనాకాలం శనివారం రాత్రి పదకొండున్నర. ఇక గ్రంథనామం. ‘తీరిక’ తెలుగు మాట, ‘ఉపదేశం’ సంస్కృతం. ఈ రెంటికీ గుణసంధి చేయడం దోషమని నాకూ తెలుసు. ముప్పయ్యేళ్లు ఇలాంటి తప్పులకే మార్కులు కోశాను. రిటైరయ్యాక ఒక్కసారి చేసి చూడాలనిపించింది.

మూలము

మేనల్లుడు: “మావయ్యా, రేపు ఖాళీ. ఏదన్నా మంచి సినిమా, మంచి పుస్తకం ఉంటే చెప్పు. మరీ బరువైనవి వద్దు.”

మేనమామ: “భోంచేసి మాయాబజార్ చూడు. సాయంత్రం మిథునం చదువు. రెండూ అయ్యాక ఫోన్ చెయ్యి.”

ప్రతిపదార్థము

మావయ్యా = ఓ మేనమామా; రేపు = ఆదివారమునందు; ఖాళీ = పనిలేనివాడనై యుంటిని; ఏదన్నా = ఇదియే యను నియమము లేక; మంచి = (ఈ పదముపై దిగువ వివాదము కలదు); సినిమా = చలనచిత్రమును; పుస్తకం = గ్రంథమును; ఉంటే = కలదేని; చెప్పు = వచింపుము; మరీ = మిక్కిలి; బరువైనవి = భారము గలవి; వద్దు = వలదు; భోంచేసి = భుజించి; మాయాబజార్ = ఆ పేరుగల చిత్రమును; చూడు = వీక్షింపుము; సాయంత్రం = దినాంతమున; మిథునం = ఆ పేరుగల కథను (మిథునరాశి ఫలితములని భ్రమింపరాదు); చదువు = పఠింపుము; రెండూ అయ్యాక = రెండును ముగిసిన పిమ్మట; ఫోన్ చెయ్యి = నాతో మాటలాడుము.

వ్యాఖ్య

‘మావయ్యా’: సంబోధన. డబ్బు కావలసి వచ్చినప్పుడు మావాడు ‘మావయ్యగారూ’ అంటాడు. ఇక్కడ ‘గారు’ లేదు గనక కోరింది ఉచిత సలహా మాత్రమేనని నిర్ణయం.

‘ఖాళీ’: ఉర్దూ నుంచి వచ్చి మనింట్లో స్థిరపడిన మాట. బిందె ఖాళీ, కుర్చీ ఖాళీ, పోస్టు ఖాళీ. ఉండాల్సింది లేకపోతే ఖాళీ అంటాం. దీని పక్కనే మనకు ‘తీరిక’ అని ఇంకో మాట ఉంది. పని తీరితే వచ్చేది తీరిక. మా అమ్మ మధ్యాహ్నం అంట్లు తోమి, వంటిల్లు కడిగి, చేతులు చీరచెంగుకు తుడుచుకుని, వారపత్రిక పట్టుకుని వసారాలో స్తంభానికి ఆనుకునేది. అది తీరిక. అరగంటే. ఆ అరగంటలో సీరియల్ భాగం ఒకటి ముగిసేది. మళ్లీ వారం దాకా ఆ కథ ఆమె నోట్లో నానుతూ ఉండేది.

మావాడికి ఆదివారం పన్నెండు గంటల ఖాళీ ఉంది, అరగంట తీరిక లేదు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు కళ్లారా చూశాను. తొమ్మిదింటికి టీవీ పెట్టాడు. ఓటీటీలో పోస్టర్ల మీద రిమోటుతో ఎడమ నుంచి కుడికి వెళ్లాడు, పైనుంచి కిందికి దిగాడు. ఒక సినిమా ఏడు నిమిషాలు చూశాడు. ఇంకోదాని ట్రైలర్ చూశాడు. మూడోదాన్ని ‘తర్వాత చూద్దాం’ అనే జాబితాలో పడేశాడు. పదకొండుకి ఫోన్ తీశాడు. అన్నానికి పిలిచేసరికి సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ‘ఇంకా చూస్తున్నారా?’ అని టీవీ అడుగుతూనే ఉంది. ఎంచుకోవడంతోనే వాడి సెలవు అయిపోయింది.

‘ఏదన్నా’: ఏది, అన్నా అని పదవిభాగం. ఈ మాటను ఎన్నడూ ప్రమాణంగా తీసుకోరాదు. ‘ఏదన్నా పెట్టమ్మా’ అని కంచం ముందు కూర్చున్నవాడికి ఉప్మా పెట్టి చూడండి.

‘మంచి’: ఇక్కడ పూర్వపక్షం. ఎక్కువమంది మెచ్చుకున్నదే మంచిది, నెట్‌లో నక్షత్రాలు లెక్కపెట్టి నాలుగు దాటినవి చెబితే సరిపోతుంది, మేనమామ ఎందుకు? దీనికి సమాధానం నా అనుభవమే. కొత్తగా పెళ్లయిన మా తోడల్లుడికి బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ కానుకగా ఇచ్చాను. గొప్ప నవలే, ఎవరూ కాదనరు. కథానాయకుడు దయానిధి వేదన అంతా కొత్త కాపురంలో చదివిన ఆ దంపతులు ఆరు నెలలు మా గడప తొక్కలేదు. అదే నేను, మోకాలి ఆపరేషన్ అయి మంచం మీదున్న మా అత్తగారికి ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ చదివి వినిపించాను. సీగానపెసూనాంబ వచ్చేసరికి ఆవిడ “అల్లుడుగారూ, ఆపండి, కుట్లు లాగుతున్నాయి” అన్నారు. నక్షత్రాల లెక్కలో రెండు పుస్తకాలూ సమానమే కావచ్చు. అడిగినవాడి ఆ పూటకి సరిపడేదే మంచిదని సిద్ధాంతం.

‘బరువైనవి’: బరువు రెండు విధాలు, తూకంలో ఒకటి, అర్థంలో ఒకటి. విశ్వనాథ ‘వేయిపడగలు’ రెండు విధాలా బరువే. ఆయన దాన్ని 29 రోజుల్లో ఆశువుగా చెప్పారని ప్రసిద్ధి. మావాడు చదవాలంటే 29 నెలలు పడుతుంది, అదీ దిండు కింద పెట్టుకోకపోతే. గురజాడ ‘కన్యాశుల్కం’ తేలికగా కనిపించే బరువు. గిరీశంతో నవ్వుతూ వెళ్లినవాడు బుచ్చమ్మ దగ్గర ఆగిపోతాడు. వారమంతా ఆఫీసు మోసిన భుజానికి తేలికగా కనిపించి తేలికగానే ఉండేది కావాలి. తేలిక అంటే చౌక అని మాత్రం కాదు.

‘మాయాబజార్’: నామార్థవిచారం. ఈ పేరు ఒకటే, సినిమాలు పెక్కు. 1936లో పి.వి.దాసు తీసినది ఒకటి. 1957లో విజయావారు కె.వి.రెడ్డి దర్శకత్వంలో తీసినది ఒకటి. 2006లో ఇంద్రగంటి మోహనకృష్ణ తీసినది ఇంకొకటి. మరి మేనమామ దేన్ని చూడమన్నాడు? వక్త తెనాలివాడు, వయసు అరవై దాటింది, విశేషణం ఏదీ వాడలేదు. కనుక 1957 నాటిదే గ్రాహ్యం. ‘గోదావరి జిల్లావాడు’ అన్నప్పుడు ఏ గోదావరి అని అడగాలి గాని, మాయాబజార్ అన్నప్పుడు ఏదని అడిగినవాడు తెలుగువాడు కాడు.

దీనికి రంగుల పాఠాంతరం ఉంది. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. పిల్లల్ని కూర్చోబెట్టడానికి అది పనికొస్తుంది. మార్కస్ బార్‌ట్లే కెమెరాతో కాయించిన వెన్నెల చూడాలంటే నలుపు తెలుపుల పాఠమే సాధువు.

విషయం: పాండవుల కథలో పాండవులు ఒక్కరూ కనిపించరు. ఆ సంగతి సినిమా అయిపోయాక గాని గుర్తుకు రాదు. కథ యావత్తూ ఒక పెళ్లిల్లు. వియ్యాలవారు, విడిది, వంటలు, అలకలు, పురోహితుల గోంగూర చర్చ. తెలుగువాడికి తెలియని సంగతి ఒక్కటీ లేదు. అందుకే ద్వారకలో జరిగినా బాపట్లలో జరిగినట్టుంటుంది. ముఖ్యంగా చూడాల్సింది సావిత్రిని. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, పెళ్లివారికి తెలియదు. పెళ్లికూతురు పాటలో సిగ్గుపడుతూ సిగ్గుపడుతూ ఉన్నట్టుండి అడుగు దురుసుగా పడుతుంది, భుజాలు విరుచుకుంటాయి. అంతలోనే తేరుకుని మళ్లీ తలవంచుకుంటుంది. ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు అంత మనిషి ఆ పలచటి ఒంట్లో దూరి ఉన్నాడని నమ్మేస్తాం.

వ్యాకరణ విశేషం: ‘అస్మదీయులు’ సంస్కృతం. దానికి ఎదురు మాటగా రాక్షసుల నోట పలికించిన ‘తసమదీయులు’ ఏ పాణిని సూత్రానికీ లొంగదు. పింగళి నాగేంద్రరావుగారి కలమే దానికి సూత్రం. ఇవాళ ఊళ్లో రాజకీయం మాట్లాడే ప్రతివాడూ ఆ మాట వాడతాడు.

‘మిథునం’: జంట అని అర్థం. శ్రీరమణ రాసిన కథ. ఆయన మా తెనాలికి దగ్గర్లోని వేమూరు ప్రాంతంవాడు. బాపు ఈ కథ మీద మనసుపడి మొత్తం తన చేతిరాతతో తిరగరాసుకున్నారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి, పెరడు, తిండి, తగువులు, అంతే కథ. గంటలోపు చదవొచ్చు. ఆ గంటలో రెండుసార్లు ఆకలేస్తుంది, అందుకే సాయంత్రం చదవమనడం. 2012లో తనికెళ్ల భరణి సినిమాగా తీశారు. తెర మీద బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప మూడో పాత్ర లేదు. అదీ బాగుంటుంది. ముందు కథ చదివితే అప్పదాసు ముఖం మనం గీసుకుంటాం. ముందు సినిమా చూస్తే ఆ అవకాశం పోతుంది. చివరి పేజీ సంగతి ఇక్కడ రాయను. టీకాకారుడికీ ఒక మర్యాద ఉంటుంది.

‘చూడు’, ‘చదువు’: రూపంలో రెండూ విధ్యర్థకాలే. సూక్ష్మంగా చూస్తే మొదటిది ఆజ్ఞ, రెండోది ప్రార్థన. ఈ కాలంలో సినిమా చూడమని ఆజ్ఞాపించవచ్చు, పుస్తకం చదవమని బతిమాలుకోవాలి.

అలంకారం: సినిమా, పుస్తకం అని అడిగిన వరసలోనే మాయాబజార్, మిథునం అని చెప్పాడు గనక క్రమాలంకారం.

పాఠాంతరములు

ఇదే ప్రశ్నను మావాడు మా కుటుంబం గ్రూపులోనూ పెట్టాడు. వాళ్ల పిన్ని ఇరవై మూడు సినిమాల జాబితా పంపింది. బావగారు ‘నీ ఇష్టం, అన్నీ బాగానే ఉంటాయి’ అన్నారు. దుబాయిలో ఉన్న తమ్ముడు ఒక కొరియా సీరియల్ పేరు రాసి పదహారు భాగాలని హెచ్చరించాడు. ఇవన్నీ అసాధువులు. ఇరవై మూడు చెప్పినవాడు ఏదీ చెప్పనట్టే, అడిగినవాణ్ణి మళ్లీ ఆ పోస్టర్ల సంతలోకే తోసినట్టు. ఒక్కటి చెప్పినవాడు తన పరువు దాని మీద పెడతాడు. బాగోకపోతే తిట్టడానికి ఒక మనిషి దొరుకుతాడు. సలహాకి ఉన్న విలువల్లా అదే.

అధికారి భేదము

అందరికీ మాయాబజారేనా అని శంకించరాదు. అడిగినవారిని బట్టి చెప్పాలి.

రైలు ప్రయాణికుడికి మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరినవాడు ముచ్చటపడి కొనుక్కున్న టోపీ దొరసానులదని తేలే చోట, ఎదుటి బెర్తువాళ్లు ‘ఏంటండీ అంతలా నవ్వుతున్నారు’ అని అడిగి తీరతారు.

అన్నం తిన్నాక పది నిమిషాలే ఉన్నవారికి సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. కృష్ణ ఒడ్డున ఒకే ఊరు, నూరు కథలు, బాపు బొమ్మలు. రోజుకొకటి చొప్పున మూడు నెలలు దాటి వస్తాయి.

ఇంటిల్లిపాదీ ఒక చోట కూర్చునే అరుదైన రాత్రికి 1962 నాటి ‘గుండమ్మ కథ’. ఎన్టీ రామారావుకి అది నూరో సినిమా, పక్కన నాగేశ్వరరావు. అయినా పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది. నవ్వి చాలాకాలమైనవారికి జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’, 1987. వేలాడదీసిన కోడిని చూసుకుంటూ ఒట్టి అన్నం తినే కోట శ్రీనివాసరావుని చూశాక ఖర్చు తగ్గించుకోవాలనే ఆలోచనే రాదు. పాత సినిమా అనగానే లేచిపోయే కుర్రవాళ్లకి ముందు ‘పెళ్ళిచూపులు’ చూపించి, నమ్మకం కుదిరాక ‘కేరాఫ్ కంచరపాలెం’ చూపించాలి. వరస తిప్పరాదు.

తాత్పర్యము

పని లేని రోజును తీరికగా మార్చేది ముగింపు ఉన్న వస్తువు. మొదలుపెట్టి ముగించే సినిమా ఒకటి, పుస్తకం ఒకటి చాలు. చెప్పేవాడు ఒక్కటే చెప్పాలి, అడిగినవాణ్ణి ఎరిగి చెప్పాలి, తర్వాత ఏమైందని అడగాలి. ‘రెండూ అయ్యాక ఫోన్ చెయ్యి’ అన్న వాక్యం అందుకే వచ్చింది.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారికి ఆదివారం దక్కును, విన్నవారికి సోఫా సందులో పోయిన రిమోటు దొరుకును.

వాస్తవంగా జరిగింది ఇది. ఫోన్ ఆదివారం రాలేదు, బుధవారం రాత్రి వచ్చింది. సినిమా చూశాడట. పెళ్లిపీటల మీద ఆ మాయా శశిరేఖ పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కేసరికి వంటింట్లోంచి వాళ్లావిడ కూడా వచ్చి కూర్చుని చివరిదాకా కదల్లేదట. పుస్తకం సంగతి అడిగాను. “టీవీలో మాయాబజార్ వెంటనే దొరికింది మావయ్యా. పుస్తకం ఇక్కడ కొట్లో లేదన్నారు” అన్నాడు. తప్పు వాడిది కాదు. సినిమాకి పేరు చెబితే చాలు, పుస్తకాన్ని చేతికివ్వాలి. మర్నాడు నా ప్రతిని గోంగూర పచ్చడి సీసాతో కలిపి ఆర్టీసీ కార్గోలో వేశాను. సీసా ఖాళీ అయిందని కబురొచ్చింది. పుస్తకం ఇంకా పద్నాలుగో పేజీలో ఉంది. వారం వారం అడుగుతున్నాను. మీరూ ఎవరికైనా పుస్తకం ఇచ్చి ఉంటే, మొహమాటపడకుండా ఏ పేజీలో ఉన్నారో అడగండి.