భోజనానికి పిలిచి పస్తుంచే దర్శకుడు

1929 జూన్‌లో ప్యారిస్‌లోని ఓ చిన్న థియేటర్లో, తెర వెనకాల నిలబడి ఇరవై తొమ్మిదేళ్ళ స్పెయిన్ కుర్రాడొకడు గ్రామఫోను మీద రికార్డులు మారుస్తున్నాడు. కాసేపు టాంగో, కాసేపు వాగ్నర్. బొమ్మ మూకీ, దర్శకుడూ అతనే. కోటు జేబుల నిండా రాళ్ళున్నాయి. సినిమా నచ్చక జనం మీదికొస్తే ఎదురు విసరొచ్చని ముందు జాగ్రత్త. తీరా చూస్తే జనం చప్పట్లు కొట్టారు. పాపం, ఆ రాళ్ళన్నీ చప్పుడు కాకుండా కింద జారవిడవాల్సి వచ్చింది. మన దగ్గర రిలీజు రోజున ప్రేక్షకుడు జేబులో కాగితం ముక్కలు నింపుకుని వెళ్తాడు గానీ, రాళ్ళు నింపుకుని వెళ్ళిన దర్శకుణ్ణి ఈయన్ని తప్ప నేనెరగను.

ఈయన పేరు లూయిస్ బున్యుయెల్. ఆ సినిమా ‘అన్ షియెన్ ఆందలూ’, అంటే ఆండలూసియా కుక్క. అందులో కుక్కా లేదు, ఆండలూసియా ఊసూ లేదు. చిత్రకారుడు సాల్వదోర్ దాలీతో కూచుని కథ రాసినప్పుడు ఇద్దరూ ఒక ఒట్టు పెట్టుకున్నారట: ఏ సీనుకైనా ‘ఇది ఇందుకు’ అని కారణం చెప్పగలిగితే ఆ సీను తీసెయ్యాలని. ఆ ఒట్టు పెట్టుకోకుండానే దాన్ని నిష్ఠగా పాటించే రచయితలు మనకూ ఉన్నారు, అది వేరే సంగతి. మొదట్లోనే మంగలికత్తితో కన్ను కోసే షాటొకటి వస్తుంది. అది చచ్చిన దూడ కన్నని తెలుసు. తెలిసీ చేతివేళ్ళ సందుల్లోంచే చూస్తాను. ఇష్టమైన సినిమాల లెక్కలోకి దాన్ని తీసుకోను. గౌరవిస్తాను, అంతే.

ఫిల్మ్ సొసైటీ మిత్రులు బున్యుయెల్ ప్రస్తావన రాగానే గుళ్ళోకి వచ్చినట్టు గొంతు తగ్గిస్తారు. ఫ్రాయిడ్ అంటారు, అంతశ్చేతన అంటారు, సర్రియలిస్టు మ్యానిఫెస్టో అంటారు. నాకు మాత్రం ఆయన సినిమాలన్నీ మర్యాద గురించి తీసినట్టే ఉంటాయి. కొంప అంటుకున్నా ‘తమరు ముందు’, ‘అబ్బే, తమరే ముందు’ అనుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయే పెద్దమనుషుల గురించి. చుట్టపక్కాల మధ్య పెరిగినవాడికి ఇది అర్థం కావడానికి ఫ్రాయిడ్ సిఫార్సు అక్కర్లేదు.

‘ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్’ సంగతే తీసుకోండి. 1962లో మెక్సికోలో తీశాడు. ఒక శ్రీమంతుడు ఆపెరా చూసొచ్చిన స్నేహితుల్ని రాత్రి భోజనానికి పిలుస్తాడు. వాళ్ళొచ్చే వేళకి ఇంట్లో వంటవాళ్ళూ నౌకర్లూ ఏదో సాకు చెప్పి ఒక్కొక్కరే జారుకుంటుంటారు. ఎందుకో వాళ్ళకీ తెలీదు. భోజనాలయ్యాయి, సంగీతం గదిలో ఒకావిడ పియానో వాయించింది, అందరూ భేష్ అన్నారు. ఇక లేవాలి. ఎవరూ లేవరు. మగవాళ్ళు కోట్లు విప్పి సోఫాల మీదా నేల మీదా ఒరిగిపోతారు. తెల్లారుతుంది. అప్పుడు తెలుస్తుంది, గది గడప దాటడం ఎవరి తరమూ కావడం లేదని. గుమ్మానికి అడ్డు ఏమీ లేదు. గడప దాకా వెళ్తారు, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతారు. కాఫీ తెచ్చిన బట్లరు కూడా లోపలికొచ్చి ఇరుక్కుపోతాడు.

ఈ సినిమా నేను మా బాబాయితో కలిసి చూశాను. రెవెన్యూ శాఖలో రిటైరైన మనిషి, పంచనామా రాస్తున్నట్టే సినిమా చూస్తాడు.

“ఏరా, తలుపుందా?”

“ఉంది బాబాయ్.”

“తాళం వేశారా?”

“లేదు.”

“మరి పోరేం?”

దీనికి నా దగ్గర సమాధానం లేదు. కానీ 2011లో వూడీ ఆలెన్ తీసిన ‘మిడ్‌నైట్ ఇన్ ప్యారిస్’లో ఒక సరదా సీనుంది. హీరో 1920ల ప్యారిస్‌లోకి వెళ్ళిపోయి, పడుచు బున్యుయెల్‌కి ఈ కథే చెబుతాడు, ముందు ముందు నువ్వు ఇలాంటిది తీస్తావులే అని. బున్యుయెల్ బుర్ర గోక్కుంటాడు. వాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చుగా అని అడుగుతాడు. ఆ సినిమా స్క్రీన్‌ప్లేకి ఆస్కారిచ్చారు. మా బాబాయి అదే ప్రశ్న ఉప్మా తింటూ ఉత్తినే అడిగేశాడు.

విచిత్రమేమిటంటే ఆ ప్రశ్న అడగడానికి బొత్తిగా అర్హత లేని మనిషి మా బాబాయే. ‘ఇక వెళ్ళొస్తాం’ అని లేచాక గుమ్మం దగ్గర ఒక పెళ్ళిసంబంధం, మెట్ల మీద పిన్ని మోకాళ్ళ నొప్పి, గేటు దగ్గర గట్టు తగాదా, స్కూటరు స్టార్టు చేశాక దాని పూర్వాపరాలు. గేటు తీసే ఉంటుంది. ముందు కదిలితే ఎవరేమనుకుంటారో అని ఇరువైపులా భయం. ఆ గదిలో వాళ్ళదీ సరిగ్గా ఇదే జబ్బు. అందరికంటే ముందు లేచినవాడు మర్యాద తెలియనివాడవుతాడని ఇంత మందీ మర్యాదగా మగ్గిపోయారు. రోజులు గడిచేకొద్దీ మర్యాద ఎక్కడెక్కడ చిరుగుతుందో బున్యుయెల్ వరసగా చూపిస్తాడు. నీళ్ళ కోసం గోడ పగలగొట్టి పైపు పట్టుకుంటారు. అల్మరాలోని పూలకూజాలు ఇంకో అవసరానికి అక్కరకొస్తాయి. విందులో తమాషా చేద్దామని ఇంటావిడ తెప్పించిన గొర్రెలు గదిలోకి నడిచొస్తే కోసి, ఫర్నిచరు విరిచి మంట పెట్టి కాల్చుకుంటారు. ఆవిడే తెప్పించిన ఎలుగుబంటి మాత్రం ఇల్లంతా స్వేచ్ఛగా తిరుగుతుంటుంది. దానికి మర్యాదలు నేర్పలేదు కదా! బయట వీధిలో పోలీసులూ జనమూ గుమిగూడతారు గానీ, వాళ్ళకి లోపలికి పోవడమూ చేతకాదు.

ఇంకో ముచ్చట. అతిథులు ఇంట్లోకి రావడం, మేడ మెట్లెక్కడం సినిమాలో రెండుసార్లు వస్తుంది. కావాలనే పెట్టాడు. కెమెరామన్ గాబ్రియెల్ ఫిగెరోవా కంగారుపడి, ఎడిటింగులో పొరపాటు జరిగిందని దర్శకుడికి చెప్పబోయాడట. అంతమందిని, అన్ని నగల్ని ఒకసారి చూపిస్తే పెళ్ళి వీడియో అవుతుంది, రెండుసార్లు చూపిస్తే బున్యుయెల్ అవుతుంది.

ఇదే ఊపులో 1972లో ఫ్రాన్స్‌లో ‘ది డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ది బూర్జువాజీ’ తీశాడు. అక్కడ తిన్నవాళ్ళు కదల్లేరు, ఇక్కడ తిందామని కదిలినవాళ్ళకి మెతుకు దొరకదు. మొదటి రాత్రి అతిథులొస్తే, భోజనం రేపు కదా అంటుంది ఇంటావిడ. సరే హోటలుకి పోదామని పోతే పక్క గదిలో హోటలు యజమాని శవం, చుట్టూ కొవ్వొత్తులు. ఇంకోసారి మిలిటరీ వాళ్ళు ఇంటి మీదికొచ్చి పడతారు. మరోసారి అంతా టేబులు దగ్గర కూచోగానే తెర లేస్తుంది. ఎదురుగా ప్రేక్షకులు! వీళ్ళున్నది నాటకం స్టేజీ మీద, కోడి ఉత్త బొమ్మ కోడి, డైలాగు ఒక్కటీ రాదు. ఇందులో నాకు ప్రాణమైన సీను టీ హోటల్లోది. ముగ్గురు ఆడవాళ్ళు టీ అడుగుతారు. వెయిటరు వెళ్ళొచ్చి టీ అయిపోయిందంటాడు. కాఫీ అడిగితే కాఫీ కూడా అయిపోయిందంటాడు. ఈలోపు పక్క టేబులు నుంచి ఓ లెఫ్టినెంటు లేచొచ్చి, అనుమతి తీసుకుని మరీ కూచుని, చచ్చిపోయిన తల్లి కనిపించి చెబితే చిన్నప్పుడు తండ్రిగా చెలామణీ అవుతున్న మనిషికి విషమెలా పెట్టాడో పూసగుచ్చినట్టు చెబుతాడు. ముగ్గురూ పక్కింటి పురుడు కబురు విన్నట్టు శ్రద్ధగా వింటారు. ఆయన నమస్కారం చేసి వెళ్ళిపోతాడు. వెయిటరొచ్చి, మంచినీళ్ళు తప్ప ఏమీ లేవంటాడు. అప్పుడు గానీ వాళ్ళకి ఇదేదో అన్యాయమనిపించదు.

ఈ సినిమాకి బీజం వేసింది నిర్మాత సెర్జ్ సిల్బర్‌మన్. ఓసారి కొంతమందిని ఇంటికి భోజనానికి పిలిచి, ఆ మాట భార్యకి చెప్పడం మర్చిపోయాడు. పైగా ఆ రాత్రే తనకి ఇంకోచోట విందు. వచ్చినవాళ్ళకి తలుపు తీసింది ఇంటి గౌనులో ఉన్న భార్య. ఈ కథ వినగానే మా ఆవిడ, “దీన్ని సర్రియలిజం అంటారా? మా ఇంట్లో దీన్ని నాన్నగారంటాం” అంది.

ఆ సినిమా ఆస్కార్ బరిలో ఉన్నప్పుడు అవార్డొస్తుందా అని మెక్సికో విలేఖరులు అడిగితే, అమెరికా వాళ్ళడిగిన పాతిక వేల డాలర్లూ కట్టేశాను, తప్పకుండా వస్తుందన్నాడు బున్యుయెల్. అది అచ్చయి హాలీవుడ్డు గగ్గోలెత్తింది. తరవాత నిజంగానే అవార్డొచ్చింది. అమెరికా వాళ్ళలో ఎన్ని లోపాలున్నా మాట మీద నిలబడతారని ఆయన మెచ్చుకున్నాడు.

‘ది ఫాంటమ్ ఆఫ్ లిబర్టీ’లో అతిథులు బల్ల చుట్టూ కమోడ్ల మీద కూచుని లోకాభిరామాయణం మాట్లాడతారు. ఆకలేస్తోందన్న చిన్నపిల్లని, నలుగురిలో ఏమిటా మాటలని తల్లి కసురుతుంది. ఆకలైన పెద్దమనిషి పనమ్మాయిని గుసగుసగా దారి అడిగి, చిన్న గదిలో గొళ్ళెం వేసుకుని భోంచేస్తాడు. ఇది మా బాబాయికి చూపించే ధైర్యం చాల్లేదు. ‘సైమన్ ఆఫ్ ది డెజర్ట్’ మాత్రం ఇంటిల్లిపాదికీ నచ్చింది. డబ్బులైపోయి 45 నిమిషాలకే ఆపేశారు. మన నిర్మాతలకి కూడా ఆ అదృష్టం పడితే బావుండునని కొన్ని శుక్రవారాలు అనిపిస్తుంది.

ఆఖరి సినిమా ‘దట్ అబ్‌స్క్యూర్ ఆబ్జెక్ట్ ఆఫ్ డిజైర్’, 1977. ఓ ముసలి ధనవంతుడు కొంచితా అనే పిల్ల వెంట పడతాడు. ఆ ఒక్క పాత్రనీ కరోల్ బుకే, ఏంజెలా మొలీనా అని ఇద్దరు నటీమణులు వంతులవారీగా వేశారు. బాత్రూములోకి వెళ్ళేది ఒకరు, బయటికొచ్చేది ఇంకొకరు. డబ్బింగు గొంతు ఒకటే. ముసలాయనకి తేడా తెలీదు. సరిగ్గా ఆ ఏడాది జనవరిలోనే మనకి ‘దానవీరశూర కర్ణ’ వచ్చింది. ఎన్టీఆర్ ఒక్కరే కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు, దర్శకత్వం అదనం. అక్కడ ఒక వేషానికి ఇద్దరు, ఇక్కడ మూడు వేషాలకి ఒకరు. ప్రపంచ సినిమా సగటు తీస్తే మనమే లాభంలో ఉన్నాం.

మా ఆవిడ రెండో సీనుకే “ఆ పిల్ల ముక్కు మారింది” అని పట్టేసింది. బాబాయి మాత్రం సినిమా అయిపోయేదాకా ఒక్క పిల్లేననుకున్నాడు. నేను చెప్పాక కాసేపు ఆలోచించి, “అయితే ఇద్దరికీ పారితోషికం ఇచ్చుకున్నాడన్నమాట!” అని జాలిపడ్డాడు. “రామారావు గారు చూడు, మూడు వేషాలూ సొంత బేనరు మీద వేసుకుని ఎంత మిగిల్చారో!”