నా ట్యాపెట్ చప్పుడు విన్న మనుషులు

నేను మద్రాసు శివారు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో పుట్టిన బుల్లెట్‌ని. 1987 మోడల్. నలుపు రంగు, పోత ఇనుము ఇంజన్, 346 సీసీ, నాలుగు గేర్లు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మా వంశం ఇంగ్లండులోని రెడిచ్‌ది. బుల్లెట్ అన్న పేరు అక్కడ 1932లో పెట్టారు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. 1970ల మొదట్లో ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కంపెనీ మూతపడింది, మేం మాత్రం ఇక్కడ పుడుతూనే ఉన్నాం. నా ట్యాంకు మీది బంగారు గీతలు మిషన్ గీసినవి కావు. సన్నటి కుంచె పట్టి, చెయ్యి వణకనివ్వకుండా ఒక మనిషి గీసినవి. వాటి సంగతి మళ్ళీ వస్తుంది.

నన్ను కొన్న మా సారు నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరు. మిర్యాలగూడ చుట్టుపక్కల కాలువ కట్టలన్నీ నా చక్రాలకు తెలుసు. నన్ను స్టార్ట్ చేయాలంటే ఓర్పు కావాలి. తాళం తిప్పి, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కర్‌ని మెల్లగా నొక్కాలి. అప్పుడు డీకంప్రెషన్ లీవర్ పట్టి కిక్కర్‌ని ఇంకొంచెం దింపాలి. లీవర్ వదిలి ఒక్క తన్ను తన్నాలి. తొందరపడితే కిక్కర్ ఎదురుతన్ని పిక్క వాస్తుంది. సారు ఎన్నడూ తొందరపడలేదు.

ఆదివారం పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, ట్యాపెట్ మూత విప్పేవాడు. పుష్ రాడ్‌ని వేళ్ళతో తిప్పి చూసేవాడు. అది తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. ఆ సందు కంటికి ఆనదు, వేలికే తెలియాలి. ఆయన వేళ్ళకు తెలిసేది. వీధిలో ఎవరి బుల్లెట్ పోతున్నా చెవి అటే ఉండేది. "ఆగు ఆగు, ఇనవడ్తలేదా? ఎగ్జాస్ట్ ట్యాపెట్ కొడ్తున్నది. ఇయ్యాలనే చూపియ్యి" అని పిలిచి మరీ చెప్పేవాడు. ముఖం తెలియని మనిషి బండికి కూడా.

రాత్రిళ్ళు నన్ను వసారాలో పెట్టేవారు. సారు రిటైర్మెంటుకు దగ్గరపడిన రోజుల్లో అర్ధరాత్రి తలుపు గడియ చప్పుడు ఎక్కువైంది. లేచి పెరట్లోకి పోయేవాడు, చాలాసేపు నిలబడేవాడు, వచ్చి పడుకున్న కాసేపటికే మళ్ళీ లేచేవాడు. అమ్మ అడిగితే "షుగరేమో, ఏం గాదు" అనేవాడు. షుగర్ పరీక్షా చేయించుకోలేదు. తర్వాత నడుం నొప్పి మొదలైంది. కట్టల మీది గుంతల వల్ల అనుకుని నా వెనక షాక్ అబ్జార్బర్లు మార్పించాడు. నాకు కొత్త షాకులు పడ్డాయి. ఆయన నొప్పి మాత్రం తగ్గలేదు.

చివరికి హైదరాబాదు ఆసుపత్రిలో చూపిస్తే అది ప్రోస్టేట్ క్యాన్సర్ అనీ, వెన్నెముక దాకా పాకిందనీ చెప్పారట. ప్రోస్టేట్ అనే గ్రంథి మగవాళ్ళకు మూత్రాశయం కింద అక్రోటుకాయంత ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ మామూలుగానే పెరుగుతుంది. రాత్రిళ్ళు లేస్తున్నంత మాత్రాన క్యాన్సరని కాదు, చాలామందికి కాదు కూడా. అసలు క్యాన్సరే అయితే మొదట్లో ఏ లక్షణమూ చూపకపోవచ్చు. అందుకే చెవిన పడే చప్పుడు కోసం ఎదురుచూడకుండా డాక్టరుకు చూపించుకోవాలి. నా ఇంజన్‌లో వెంట్రుకవాసి తేడాను పట్టుకున్న మనిషి తన ఒంటి మాట ఒక్కరి చెవినా వేయలేదు. 2015లో పోయాడు. నేను టార్పాలిన్ కిందికి పోయాను.

కొన్నేళ్ళకు సారు కొడుకు వచ్చి టార్పాలిన్ లాగాడు. హైదరాబాదులో ఉద్యోగం. లారీలో వేయించి తీసుకెళ్ళి ఒక మెకానిక్ ఉస్తాద్ ముందు దింపాడు. కెఫే రేసర్‌గా మార్చాలని కోరిక. ఆ రూపం ఇంగ్లండులో 1950ల చివర, 1960ల్లో పుట్టింది. లండన్‌లోని ఏస్ కెఫే లాంటి చోట్ల కుర్రాళ్ళు మామూలు బళ్ళకు బరువు తగ్గించి, హ్యాండిల్ కిందికి దించి గంటకు నూరు మైళ్ళు అందుకోవాలని పరుగులు తీసేవారు. అంటే నాకు కొత్తగా తొడిగే వేషం కూడా మా రెడిచ్ చుట్టాల కాలందే.

ఉస్తాద్ నా చుట్టూ తిరిగి చూశాడు. ఫ్రేమ్ నంబరు మీద దుమ్ము తుడిచాడు. "ఫ్రేమ్ మీద బ్లేడు పెట్టను బేటా. కోస్తే పాత బలం రాదు, ఆర్సీతోనూ కలవదు" అన్నాడు. ఆయన మాటకు చట్టం కూడా తోడుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. మార్పులు చేయించుకోవాలనుకునే పిల్లలు ముందు ఇది చదవాలి, ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. కొడుకు మనసు పెద్ద చప్పుడు చేసే ఇండోరీ సైలెన్సర్ మీద కూడా ఉండేది. ఉస్తాద్ ఒప్పుకోలేదు. నేనూ ఆయన పక్షమే. నిద్రపోయే పసివాణ్ణి ఉలిక్కిపడేట్టు చేసే చప్పుడులో ఏ మగతనమూ లేదు, ఏ పనితనమూ లేదు. నా అసలు చప్పుడే నాకు చాలు.

హ్యాండిల్ కిందికి దిగింది. వెనక వంపు తిరిగిన సీటు పాత బోల్టు రంధ్రాలకే బిగిసింది. పాత సీటూ పాత హ్యాండిలూ గోనెసంచిలో భద్రంగా ఉన్నాయి. కష్టమంతా ఫుట్‌రెస్టుల దగ్గర వచ్చింది. ముందుకు వంగి కూర్చునేవాడికి పాదాలు వెనక్కి రావాలి. పాదం వెనక్కి వస్తే గేరు అందదు. పైగా నా గేరు కుడివైపు, బజారులో దొరికే సెట్లన్నీ ఎడమ గేరు బళ్ళవి. ఉస్తాద్ అట్టముక్క మీద గీసి, లేత్ మిషన్ దగ్గర కడ్డీలు తిప్పించి, కొలత కుదరక మళ్ళీ తిప్పించాడు. బ్రేకు లైనింగులు కొత్తవి వేశాడు, వైరింగ్ మొత్తం మార్చాడు. పుత్లీబౌలి దుకాణాల్లో వెతికి వెతికి నా కార్బురేటరుకు సరిపోయే జెట్ తెచ్చాడు. పెయింటరు ట్యాంకు మొత్తం గీకేసి కొత్తగా కొడతానంటే ఆపి, "ఈ గీత గీసిన చెయ్యి మళ్ళీ దొరుకుతుందా?" అన్నాడు. పాలిష్ మాత్రం పట్టించాడు. గీతలు బతికాయి.

ఆ పని జరిగిన రోజుల్లో నేనొకటి గమనించాను. కొడుకు ఆఫీసు అయ్యాక వచ్చి ఉస్తాద్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. ఇద్దరూ నా వంకే చూస్తూ పనిచేసేవారు. ఒకసారి స్పానర్ తిప్పుతూ తిప్పుతూనే కొడుకు నాన్న సంగతంతా చెప్పాడు, నిద్ర పట్టడం లేదనీ చెప్పాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఆ మాట నోటికి వచ్చేది కాదు. మగవాళ్ళకు చేతిలో పని ఉండి, చూపు ఇంకోచోట ఉంటే గుండె తెరుచుకుంటుంది. ఉస్తాద్ సలహాలు చెప్పలేదు. "ఇంకా?" అన్నాడు. మళ్ళీ "ఇంకా?" అన్నాడు.

డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్ సంగతి మా షెడ్డుకు ఒక కుర్రాడు మోసుకొచ్చాడు. 2012లో సిడ్నీలో మార్క్ హావా అనే ఆయన మొదలుపెట్టాడు. మ్యాడ్ మెన్ సీరియల్ కథానాయకుడు సూటు వేసుకుని పాతకాలం మోటార్‌సైకిల్ మీద కూర్చున్న ఫొటో చూసి, బైకు నడిపేవాడంటే రౌడీ అన్న ముద్ర ఇలా చెరపవచ్చు కదా అనుకున్నాడు. మొదటి ఏడే 64 నగరాల్లో 2,500 మందికి పైగా కదిలారు. మరుసటి ఏడు నుంచి ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు పోగుచేశారు. 2016 నుంచి మొవెంబర్ సంస్థతో కలిసి మగవారి మానసిక ఆరోగ్యానికీ ఇస్తున్నారు. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో నడుస్తున్నారు, మన హైదరాబాదులోనూ. పాత బళ్ళకూ, పాత రూపం దిద్దుకున్న బళ్ళకూ అక్కడ చోటుంది. కొడుకు పేరు నమోదు చేసుకున్నాడు.

నడపడానికి రుసుము లేదు. ప్రతివాడూ తనకు తెలిసినవాళ్ళను విరాళం అడగాలి. నా లెక్కలో రైడ్ అంటే అసలు అదే. అడగాలంటే ఎందుకో చెప్పాలి. కొడుకు చుట్టాలందరికీ సందేశం పెట్టాడు. నాన్న పేరు, ఆ జబ్బు పేరు, ఎంత ఆలస్యంగా తెలిసిందో, అన్నీ. ఆ ఇంట్లో ఆ జబ్బు పేరు అంతవరకు ఎవరూ పైకి అనలేదు. డబ్బు పంపినవాళ్ళున్నారు, ఇవన్నీ బయట పెట్టుకుంటారా అని కోప్పడ్డవాళ్ళూ ఉన్నారు. ఆ రాత్రి బాబాయి ఫోన్ చేశాడు. ముందు నా మైలేజీ అడిగాడు, తర్వాత వానల గురించి మాట్లాడాడు. ఆఖరికి "నీతో ఒకటి చెప్పాల్రా, నేను గూడ రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్న" అన్నాడు. వారంలో పరీక్ష అయింది. మామూలు పెరుగుదలేనన్నారు, మందులు ఇచ్చారు.

రైడ్ మే నెలలో, ఆదివారం. ఎండ ముదరకముందే బయల్దేరాం. కోట్లు, టైలు, మెరిసే బూట్లు. ఒక పెద్దాయన పట్టుపంచె గోచీ బిగించి కట్టుకుని వచ్చాడు, చెయిన్‌లో పడకుండా. అందరి తలకూ హెల్మెట్. ముందు ఒక బండి దారి చూపాలి, ఆఖరున ఒక బండి ఎవరూ తప్పిపోకుండా చూసుకోవాలి. ఒకడు ఎడమ పక్కన ఉంటే వెనకవాడు కుడి పక్కన, బ్రేకు వేయడానికి చోటు ఉంచుకుని నడపాలి. ముందున్న బండిని దాటకూడదు. నెమ్మదిగా పోవడం గాలితో చల్లబడే నా బోటి ఇంజన్‌కు కష్టమే. సిగ్నళ్ళ దగ్గర ఒళ్ళు కాగింది, అయినా ఆగిపోలేదు. నెక్లెస్ రోడ్డులో వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఆపి అడిగారు, ఈ వేషాలు ఎందుకని. చెప్పాం. మళ్ళీ అడిగారు, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారని.

చాయ్ దగ్గర ఆగినప్పుడు ఒక కుర్రాడు నా సీటు మీద చెయ్యి ఆనించి, ఉద్యోగం పోయినప్పటి నుంచి బతకాలని లేదని పక్కనున్న పరాయి మనిషితో అన్నాడు. ఆ మనిషి చాయ్ చల్లారేదాకా విన్నాడు. ఇంటిదాకా తోడు వెళ్ళాడు. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క, వారిలో నూటికి డెబ్బై మందికి పైగా మగవాళ్ళే. ఆ ఒక్క చాయ్ కోసమైనా ఈ రైడ్ జరగాలి.

ఉస్తాద్ మాతో రాలేదు, షెడ్డు ఉంది కదా. కానీ తర్వాత ఓ రోజు కొడుకును వెంటబెట్టుకుని తనే పోయి పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాడు.

బండి నడిపే అన్నలకూ తమ్ముళ్ళకూ నా విన్నపం. యాభై దాటితే పీఎస్ఏ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి. నాన్నకో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే నలభై అయిదుకే అడగండి. ఆ సంఖ్య పెరగడానికి వేరే కారణాలూ ఉంటాయి, తేల్చాల్సింది డాక్టరే. మనసు బరువెక్కితే ప్రభుత్వం నడిపే టెలీమానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.