నాలుగో కాలు

పదహారు రాత్రులుగా సరిగ్గా రెండున్నరకు నాకు మెలకువ వస్తోంది. వస్తోందనడం తప్పు, తన్ని లేపుతున్నారు. హాల్లోంచి దబ్బుమని ఒక చప్పుడు. ఇక అయిపోయిందిలే అనుకుని కళ్ళు మూసుకునేసరికి రెండోది. మూడోదానికి మా ఆవిడ అటు తిరిగి పడుకునే, "ఏవండీ, మీ కూతురి కుందేలు" అంటుంది. నిద్రలో కూడా ఆవిడ వాటాలు పంచడం మరిచిపోదు. పగలు ఎవరైనా వచ్చి ముచ్చటపడితే అవి మా కుందేళ్ళు. రాత్రి తంతే నా కూతురివి.

తన్నేది బూందీ. లడ్డుకు అంత ఓపిక లేదు. రెండింటికీ పేర్లు పెట్టింది మా అమ్మాయే. లడ్డును చూస్తే ఆ పేరెందుకో తెలిసిపోతుంది. బూందీ అని ఎందుకు పెట్టిందో నేను మొదటిరోజు చీపురు పట్టుకున్నాక తెలిసింది.

కుందేలు వెనక కాలితో నేలను కొట్టిందంటే అపాయం వచ్చిందని తోటివాళ్ళకు దండోరా వేస్తోందన్నమాట. పామో నక్కో గద్దో వచ్చినప్పుడు వేయాల్సిన దండోరా అది. బెజవాడ సత్యనారాయణపురంలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తుకు ఏ నక్క వస్తుంది? అయినా టార్చి వేసుకుని వెతికాను. సోఫా కింద, గ్యాసు బండ వెనక, బాల్కనీలో తులసికోట చాటున అన్నీ చూశాను. ఆ ఇంట్లో ఆ వేళప్పుడు భయపడాల్సిన ఆకారం ఒక్కటే కనిపించింది, బాల్కనీ అద్దంలో, లుంగీ కట్టుకుని, టార్చి పట్టుకుని.

ఏడోరోజు కింది ఫ్లాటు మాస్టారు మెట్ల దగ్గర ఆపారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు.

"ఏమండీ, అర్ధరాత్రి పూట మీ ఇంట్లో ఆ రోకటి పోటేమిటండీ?"

"రోకలి కాదు మాస్టారూ, కుందేలండీ."

"బరువెంత?"

"రెండు కిలోలుంటుందండీ."

ఆయన కళ్ళు మూసుకుని ఏదో లెక్క వేశారు. "కుదరదండీ" అన్నారు.

మాటతో నమ్మేట్టు లేరని సాయంత్రం కాఫీకి పిలిచాను. వచ్చారు. బూందీ నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి ముడుచుకుని, పొంగిన ఇడ్లీలా కూర్చునుంది. మాస్టారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంగి చూసి, "దీనికి అసలు కాళ్ళే లేవు కదండీ" అన్నారు.

"నాలుగున్నాయండీ. లోపల పెట్టుకుంది."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళని సర్వీసులో చాలామందిని చూశాను" అన్నారాయన, కాఫీ గ్లాసు కింద పెడుతూ. "ఒక్కటీ కనపడకుండానే నాలుగనేవాళ్ళని చూడటం ఇదే మొదలు."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆదివారం పొద్దున్నే పాత నోటుబుక్కొకటి తీసుకుని హాల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఏడింటికి లడ్డు కూర్చునుంది, కాళ్ళు సున్నా. ఏడూ ఇరవైకి గరిక వేస్తే ముందుకు వంగింది, కాళ్ళు రెండు. ఎనిమిదింటికి బూందీ ముఖం కడుక్కోవడానికి వెనక కాళ్ళ మీద లేచింది. ముందరి రెండూ ముఖం మీద ఉన్నాయి కాబట్టి వాటిని కాళ్ళ పద్దులో రాయాలో చేతుల పద్దులో రాయాలో తేలక అక్కడ ప్రశ్నార్థకం పెట్టాను. తొమ్మిదిన్నరకు అసలు సంగతి బయటపడింది. పంకా కింద లడ్డు ఒక పక్కకు ఒరిగి ఒళ్ళు చాచుకుని పడుకుంది. ముందువి రెండు, వెనకది ఒకటి. నాలుగోది ఒంటి కింద ఎక్కడో ఇరుక్కుపోయింది. ఎటునుంచి చూసినా మూడే!

అంటే మనం తరతరాలుగా మొండివాడని ఆడిపోసుకుంటున్న ఆ పెద్దమనిషి పాపం అబద్ధమాడలేదు. కనిపించినవే లెక్కపెట్టి చెప్పాడు. ఆ రోజుల్లో ఆయన పక్కన నాలాగా నోటుబుక్కు పట్టుకుని మధ్యాహ్నందాకా కూర్చునే సాక్షి లేకపోవడమే ఆయన చేసిన పాపం. కుందేలంటే మనవాళ్ళకు మొదట్నుంచీ ఇదే వరస. తర్కశాస్త్రంలో లేనిదానికి ఉదాహరణ కావాలంటే దాని నెత్తిన కొమ్ము మొలిపించారు, సామెత కావాలంటే ఉన్న కాలు పీకేశారు. చంద్రుడిలో ఉన్నది కుందేలేనని ఊరంతా ఒప్పుకుంటుంది, దాని కాళ్ళెన్నో మాత్రం ఎవరూ అడగరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సామెతలో ఉన్నది చేల గట్ల మీద తిరిగే మన చెవులపిల్లి. అది బొరియ తవ్వదు, దాని పిల్లలు కళ్ళు తెరుచుకుని ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. ఇంట్లో పెంచే ఈ జాతి వేళ్ళు యూరపులో ఉన్నాయి. ఇది బొరియల జాతి, దీని పిల్లలు గుడ్డిగా, బోసిగా పుడతాయి. తవ్వుకోవడానికి మా ఇంట్లో నేల లేక మా పరుపు తవ్వింది. కాబట్టి ఆ సామెత దీనికి వర్తించదని మాస్టారితో వాదించవచ్చు. ఇక 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు చెవులపిల్లిని పట్టడమే నేరం. దాని కాళ్ళు మూడన్నా నాలుగన్నా పట్టినవాడు కేసు చుట్టూ తిరగాల్సిందే. ఇదంతా ఒక పేజీన్నర రాసుకుని కిందికి వెళ్ళాను. మాస్టారు పడుకున్నారు. రాత్రి నిద్ర లేదట.

ఇంతకీ చప్పుడు ఆగలేదు. అసలు ఈ కుందేళ్ళ సంసారంలో నాకు ఒళ్ళు మండేది చప్పుడుకు కాదు, వచ్చేపోయేవాళ్ళకు. సగంమంది సోఫాలో కూర్చోకముందే అడిగేది "కూరకా?" అని. కాదంటే మనమేదో దాస్తున్నట్టు చూస్తారు. మిగతా సగం దయామయులు. వాళ్ళు క్యారెట్లు తెస్తారు. 1940లో అమెరికాలో ఒక బొమ్మల కుందేలు తెరమీదికొచ్చి క్యారెట్ నమిలింది, దాని ఫలితం ఇవాళ నేను అనుభవిస్తున్నాను. క్యారెట్‌లో తీపి ఎక్కువ. ఎప్పుడో ఓ చిన్న ముక్క పెట్టాలి, అంతే. వాటికి కావలసింది గడ్డి, పొద్దస్తమానం గడ్డి. వాటి పళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి, అరగాలంటే నమలాలి. గడ్డి అందుబాటులో లేకపోతే నా ఫోన్ చార్జర్ అందుబాటులో ఉంటుంది. ఇప్పటికి ఏడు.

ఆ గడ్డి కోసం యాభై రెండేళ్ళ మనిషిని, పొద్దున్నే సంచి పట్టుకుని ఖాళీ స్థలాల వెంట తిరుగుతున్నాను. పోయిన వినాయకచవితికి నేను కనిపెట్టి ఉంచుకున్న గరిక మొత్తం కాలనీవాళ్ళు కోసుకుపోయారు. దేవుడితో పోటీ, ఏమనగలం? మే నెలలో సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, వాటి పక్కన పెట్టాలి. వాటికి ఎండ పడదు. నాకూ పడదు, కానీ నా పక్కన ఎవరూ సీసా పెట్టలేదు. ఒకసారి లడ్డు ఒక పూట తిండి మానేస్తే ఆటోలో డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. అక్కడ అన్నీ కుక్కలు, పిల్లులే. డాక్టరుగారు దాన్ని నాలుగు వైపులా చూసి, ఎవరికో ఫోన్ చేసి, "కుందేలుకి ఎంత డోసండీ?" అని అడగడం నా చెవులతో విన్నాను. అదృష్టం, బతికింది. కుందేలు ఒక రోజు తినలేదంటే ప్రాణం మీదికొచ్చినట్టే. వాంతి చేసుకోవడం కూడా చేతకాని జీవం.

పెంచుతానన్నది మా అమ్మాయి. ఊడ్చేది నేను. ఇది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అమ్మాయి ఇంజనీరింగులో చేరి విశాఖపట్నం హాస్టలుకు వెళ్ళింది. రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తుంది. "నాన్నా, బూందీని చూపించు" అంటుంది. కెమెరా అటు తిప్పేలోపు నా ముఖం రెండు సెకన్లు కనిపిస్తుంది, నా వాటా అంతే. మొన్న ఆ రెండు సెకన్లలోనే నా గోడు చెప్పుకున్నాను.

"ఎన్నింటికి తంతోంది నాన్నా?"

"రెండున్నరకు."

కాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"చదువుకునేటప్పుడు ఆ టైముకి టీ పెట్టుకోవడానికి లేచేదాన్ని. పాలకోసం ఫ్రిజ్ తీస్తే వచ్చి కాళ్ళ దగ్గర నిలబడేది. ఓ కొత్తిమీర కాడ ఇచ్చేదాన్ని" అంది.

అమ్మాయి వెళ్ళి పదహారు రోజులు. వేళ్ళమీద లెక్కపెట్టుకుంటే అప్పుడు తెలిసింది. కుందేలుకు చుట్టూ ఉన్నదంతా దాదాపు కనిపిస్తుందట గానీ సరిగ్గా ముక్కు కిందున్నది కనిపించదట. ఆ జబ్బు నాకూ ఉన్నట్టుంది. ఇంటర్ రెండేళ్ళూ ఆ వేళకు నేను మంచం మీంచి కేకలేసేవాణ్ణి, "ఆ లైటార్పి పడుకోవే" అని. ఇప్పుడు కేకలేయక్కర్లేదు. ఆరిపోయే ఉంటోంది.

నిన్న రాత్రి మొదటి దబ్బుకే లేచాను. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తీశాను. బూందీ గెంతుకుంటూ వచ్చి, నా మోకాలి మీద ముందు కాళ్ళు ఆన్చి, వెనక కాళ్ళమీద నిటారుగా నిలబడింది. ఫ్రిజ్ వెలుతురులో నాలుగు కాళ్ళూ స్పష్టంగా కనిపించాయి. చూడ్డానికి మాస్టారు లేరు. కాడ కొరుకుతున్నంతసేపూ మీసాలు నా చేతికి తగులుతూనే ఉన్నాయి. తినేసి, నేనెవరో గుర్తొచ్చినట్టు ఒకసారి నా వెనక తలుపు వైపు చూసి, వెళ్ళిపోయింది.

పొద్దున మెట్ల దగ్గర మాస్టారు మళ్ళీ ఆపారు. "ఏమండీ, రాత్రి ఒక్కటే వినిపించింది. మిగతా రెండూ ఏమయ్యాయి? మూడింటిదాకా చూశాను" అన్నారు నిష్ఠూరంగా.

కనుక మా ఇంటికి వచ్చేవాళ్ళకు ఒక్క మనవి. క్యారెట్లు తేకండి. కొత్తిమీర తెండి, కాడలు లేతగా చూసి. ఈ వానలకు కట్ట ధర మండిపోతోంది.