సిద్ధాంతిగారూ, ఒకసారి తెర కూడా చూడండి

కార్టూన్‌లో ఒక పాత్ర ఎడమచేత్తో కాఫీ తాగింది. కిందటి ఎపిసోడ్‌లో కుడిచేత్తో తాగింది. మామూలు మనిషైతే బొమ్మ గీసినవాడు మరిచిపోయాడులే అనుకుంటాడు. లేదా గమనించనే గమనించడు. సిద్ధాంతిగారు అలా ఊరుకునే రకం కాదు. ఆ రాత్రి ఆయనకు నిద్రుండదు. తెల్లారేసరికి తేల్చి పారేస్తారు: ఈమె ఆమె కాదు, సమాంతర విశ్వం నుంచి దిగిన ఇంకో ఆమె. మూడో ఎపిసోడ్‌లో అద్దం పగిలింది కదా, అది సూచన. అయిదో ఎపిసోడ్‌లో వాన పడింది కదా, అది రుజువు. ఏడో ఎపిసోడ్‌లో ఏమీ జరగలేదు కదా, అదే అసలు రుజువు!

సైన్స్ ఫిక్షన్ యానిమేషన్ సీరియల్ ఎక్కడుంటే అక్కడ ఇలాంటి సిద్ధాంతుల పీఠం ఒకటి వెలుస్తుంది. పీఠాలు వేరైనా శాస్త్రం ఒక్కటే, సూత్రాలు మూడే. ఒకటి, తెర మీద పొరపాటనేది ఉండదు. రెండు, కథ రాసినవాడు కాదన్నాడంటే అవునని అర్థం. మూడు, సిద్ధాంతం తప్పని తేలితే తప్పు కథది.

ఈ శాస్త్రానికి మూలపీఠం జపాన్‌లో ఉంది. హిదేయాకి అన్నో దర్శకత్వం వహించిన 'నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్' 1995 అక్టోబరు 4న టీవీ టోక్యోలో మొదలై 1996 మార్చి 27న ముగిసింది. మొత్తం 26 ఎపిసోడ్లు. పద్నాలుగేళ్ల షింజిని ఏళ్ల తర్వాత కన్నతండ్రి పిలిపిస్తాడు. ముద్దు చేయడానికి కాదు, ఒక మహాకాయంలో కూర్చోబెట్టి, వరసగా వచ్చిపడే 'దూతల' మీదికి యుద్ధానికి తోలడానికి. ఆ దూతలు పేలితే మంట శిలువ ఆకారంలో లేస్తుంది. భూగర్భంలో శిలువకు మేకులు కొట్టిన లిలిత్. పక్కనే లాంగినస్ ఈటె, మృతసముద్రపు గ్రంథపు చుట్టలు, ఆదాము, కబ్బాలా వృక్షం. ఇక సిద్ధాంతులకు పండగే పండగ. బైబిల్ కొన్నారు, హీబ్రూ నిఘంటువు కొన్నారు, ఏ దూత పేరుకు ఏ అర్థమో, అది ఏ ఎపిసోడ్‌లో ఎలా ఫలించిందో పట్టికలు వేశారు.

ఆ సీరియల్‌కు సహాయ దర్శకుడిగా పనిచేసిన కజుయా త్సురుమాకి తర్వాత ఒకసారి సూటిగా చెప్పాడు. జపాన్‌లో పెద్ద పెద్ద రోబోల సీరియళ్లు కోకొల్లలు. వాటిలో మాది వేరుగా కనిపించాలని ఈ గుర్తులు వాడుకున్నాం. మాలో క్రైస్తవులెవరూ లేరు. శిలువ చూడ్డానికి బాగుందని పెట్టాం, అంతకుమించి మతపరమైన అర్థమేమీ లేదు. ఇదీ ఆయన చెప్పినదాని సారాంశం. మామూలు శాస్త్రంలో అయితే ఇక్కడితో పట్టికలు మడిచి అటక మీద పెట్టేయాలి. ఇక్కడ రెండో సూత్రం అక్కరకొచ్చింది. చూశారా, ఎంత జాగ్రత్తగా దాస్తున్నాడో!

మొదటి సూత్రం మహిమ చూడాలంటే ఇరవై రెండో ఎపిసోడ్‌లోని లిఫ్టు దగ్గరికి వెళ్లాలి. అసుకా, రేయి అనే ఇద్దరమ్మాయిలు అందులో దాదాపు నిమిషంపాటు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడతారు. బొమ్మ కదలదు. ఇరవై నాలుగో ఎపిసోడ్‌లో యంత్రం గుప్పిట్లో ఒక ప్రాణం, మళ్లీ నిమిషంపాటు కదలని బొమ్మ. బొమ్మ కదలకపోతే గీసేవాళ్లకు పని తగ్గుతుంది. సీరియల్ చివరికొచ్చేసరికి తయారీకి గడువు ముంచుకొచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ కొరతనే ఉక్కపోతగా మార్చి చూసేవాడి గుండె మీద కూర్చోబెట్టడం అన్నో నేర్పు. మెచ్చుకోవలసింది దాన్ని. సిద్ధాంతిగారు మాత్రం ఆ నిమిషంలో లిఫ్టు గోడ మీద గీతలు లెక్కపెడుతున్నారు.

ఇక పెంగ్విన్ సంగతి. మిసాతో అనే సైనికాధికారిణి ఇంట్లో ఫ్రిజ్‌లో కాపురముండే పెంగ్విన్ ఒకటుంది, పేరు పెన్‌పెన్. స్నానం చేస్తుంది, బీరు తాగుతుంది. నవ్వించడానికి పెట్టారని చిన్నపిల్లాడైనా చెబుతాడు. కానీ కథలో ఆ మహాకాయాలలో తల్లుల ఆత్మలున్నాయని తేలాక సిద్ధాంతుల చూపు ఫ్రిజ్ మీద పడింది. మిసాతో తండ్రి చనిపోయింది ఎక్కడ? అంటార్కిటికాలో. పెంగ్విన్లు ఉండేది ఎక్కడ? ఇంకేం కావాలి, తండ్రి ఆత్మ పెంగ్విన్‌లో చేరిందన్నారు! కూతురి కోసం ప్రాణమిచ్చిన మనిషికి ఫ్రిజ్‌లో పునర్జన్మ ఇచ్చిన ఘనత వాళ్లదే.

నవ్వు పక్కన పెట్టి చూస్తే ఆ సీరియల్లో షింజి అడిగేది ఒక్కటే. నాతో పని ఉండి కాక, నా కోసం నన్నెవరైనా పిలుస్తారా? తండ్రి గెండో కొడుకు మొహంలోకి చూడడు. కొడుకు తండ్రి మెప్పు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. చివరి రెండు ఎపిసోడ్లలో యుద్ధమూ లేదు, దూతలూ లేరు. ఖాళీ వేదిక మీద కుర్చీ వేసి, కుర్రాణ్ని కూర్చోబెట్టి, నువ్వంటే నీకెందుకంత అసహ్యం అని అడుగుతారు. అప్పుడు అభిమానులకు మంటెత్తింది. లిలిత్ ఏమైంది, ఈటె ఏమైంది, మా పట్టికలేం కావాలి? తన సొంత కుంగుబాటును దాచకుండా తెరకెక్కించిన దర్శకుడికి వచ్చిన తిట్లకు లెక్క లేదు. 1997లో 'ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్' సినిమాలో ఆయన బదులిచ్చాడు. కథ మధ్యలో హఠాత్తుగా నిజమైన సినిమా హాలు, కుర్చీల్లో కూర్చున్న నిజమైన ప్రేక్షకులు కనిపిస్తారు. అద్దం తెచ్చి మొహానికి పట్టినా సిద్ధాంతిగారు అందులో తనను చూసుకోలేదు. ఆ ప్రేక్షకులు దేనికి ప్రతీక అని ఆరా తీశారు.

ఆదాముకూ లిలిత్‌కూ ఏడు తరాల వంశవృక్షం గీయగలిగినవాడు, అదే తెర మీద తండ్రీకొడుకుల మధ్య నడిచే నాలుగు ముక్కల సంభాషణ దగ్గర బిక్కమొహం వేస్తాడు. వంశవృక్షానికి పరీక్ష పెట్టొచ్చు, మార్కులు వెయ్యొచ్చు. తండ్రి పట్టించుకోని పిల్లవాడి దుఃఖానికి మార్కులుండవు. దాని ముందు ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చోలేనివాళ్లకు దొరికిన గొప్ప వ్యాపకం ఈ సిద్ధాంతం.

అన్నీ తప్పేనా, ఒక్కటీ నిజం కాలేదా అని పీఠం నుంచి కేక వినిపిస్తోంది. అయింది. 2007లో కొత్త సినిమాల వరస మొదలైనప్పుడు సముద్రం ఎర్రగా ఉంది, కవోరు అనే పాత్ర ఇదంతా ముందే చూసినట్టు మాట్లాడాడు. కథ చక్రంలా మళ్లీ మళ్లీ తిరుగుతోందని కొందరు ఊహించారు. 2021 మార్చి 8న విడుదలైన ఆఖరి సినిమా పేరు పక్కన సంగీతంలో 'మళ్లీ మొదటికి' అని చెప్పే గుర్తు పెట్టారు. ఊహ చాలామటుకు నిజమైంది. చెట్టు మీదికి వంద రాళ్లు విసిరితే ఒక కాయ రాలుతుంది. రాలిన కాయను పళ్లెంలో పెట్టి ఊరేగిస్తాం. మిగిలిన తొంభై తొమ్మిది రాళ్లు ఎవరి పెంకుల మీద పడ్డాయో అడక్కూడదు.

అదే ఆఖరి సినిమాలో చాలాసేపు కథ ఒక పల్లెలో నడుస్తుంది. రేయి రూపంలో ఉన్న అమ్మాయి ఊరి ఆడవాళ్లతో కలిసి బురదలో దిగి వరినాట్లు వేస్తుంది. పొద్దున ఎవరైనా కనబడితే ఏమని పలకరించాలో, సాయం చేస్తే ఏమనాలో ఒక్కొక్కటీ నేర్చుకుంటుంది. పాతికేళ్ల ఎవాంజెలియన్ ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది ఆ పొలంలోనే. అక్కడ రహస్యమేమీ లేదు కాబట్టి సిద్ధాంతిగారు ముందుకు తిప్పేసి ఉంటారు. చివర్లో షింజి పెద్దవాడై మారి అనే అమ్మాయి చెయ్యి పట్టుకుని రైల్వే స్టేషన్ మెట్లెక్కి పరుగెడతాడు. ఆ ఊరు అన్నో పుట్టిన ఊబే. ఇంకేం, మారి ఎవరో కాదు, దర్శకుడి భార్యేనన్నారు. తెరలో వెతకడానికి ఏమీ మిగలకపోతే దర్శకుడి ఇంటి తలుపు తట్టడమే తరువాయి.

ఇదంతా విని, తెర వెనక అర్థం వెతకడమే పాపమంటున్నానని అనుకోకండి. మ్యాట్ గ్రేనింగ్ సృష్టించి, డేవిడ్ ఎక్స్. కోహెన్‌తో కలిసి రూపుదిద్దిన అమెరికన్ సీరియల్ 'ఫ్యూచురామా' చూడండి. 1999 మార్చి 28న వచ్చిన మొదటి ఎపిసోడ్‌లో పిజ్జాలు మోసే ఫ్రై కుర్చీతో సహా వెనక్కి పడి, శీతల యంత్రంలో గడ్డకట్టి, వెయ్యేళ్ల తర్వాత లేస్తాడు. ఆ పడే క్షణంలో ఒక చిన్న నీడ కనిపిస్తుంది. 2003లో వచ్చిన ఎపిసోడ్‌లో ఆ నీడ నిబ్లర్ అనే జీవిదని, ఫ్రై పడలేదు, పడేశారని బయటపడింది. తాను వేరే గ్రహం మనిషిననుకునే ఒంటికన్ను లీలా తల్లిదండ్రులు 2002లో కథలోకి వచ్చారు. వాళ్లు అంతకుముందే ఒక ఎపిసోడ్‌లో గుంపులో నిలబడి కనిపించారు. గోడల మీద పిచ్చి గీతల్లా ఉండే గ్రహాంతర లిపి నిజమైన సంకేత లిపి. ప్రేక్షకులు దాన్ని ఇట్టే ఛేదించారని రచయితలు ఇంకో కష్టమైన లిపి తయారుచేశారు. 2010లో మనసులు శరీరాలు మార్చుకునే కథ కోసం, గణితంలో డాక్టరేట్ ఉన్న రచయిత కెన్ కీలర్ ఏకంగా ఒక కొత్త సిద్ధాంతాన్ని నిరూపించాడు. ఎంతమంది ఎలా తారుమారైనా సరే, కొత్తగా ఇద్దరుంటే అందరినీ సొంత శరీరాల్లోకి చేర్చవచ్చునని. సిద్ధాంతమంటే అదీ. బోర్డు మీద రుజువుతో సహా ఉంటుంది.

ఫ్యూచురామా రచయితలు దాచామన్నారు, దాచారు, వెతికినవాడికి దొరికింది. మన పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ చెబుతానని పూనుకుని చెప్పాడు. అక్కడ రెండో అర్థం వెతకనివాడే బద్ధకస్తుడు. అంతమాత్రాన దొరికిన ప్రతి పద్యంలోనూ రెండో రామాయణం తవ్వుతానంటే ఆ గునపం కింద పద్యమే చస్తుంది. ఏ రచన ఏం మాట ఇచ్చిందో ముందు చూడాలి. పొడుపుకథకు విడుపు కావాలి, నిజమే. కన్నీటికి విడుపేమిటి?

ఈ జబ్బు ముదిరితే రచయితలు కూడా దానికి తగ్గట్టే తయారవుతారు. 'రిక్ అండ్ మార్టీ' అనే కార్టూన్ సీరియల్‌లో కథానాయకుడు రిక్ భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న గతాన్ని 2017లో చూపించి, అంతా నేనల్లిన అబద్ధమని అతని చేతనే అనిపించారు. సిద్ధాంతులు నాలుగేళ్లు కొట్టుకున్నారు. 2021లో అది నిజమేనని తేలింది. మోసపోయామని ఎవరైనా అన్నారా? లేదు, మేం చెప్పలేదూ అన్నారు. అబద్ధమన్నవాళ్లూ, నిజమన్నవాళ్లూ కూడా.

ఏమీ తోచనప్పటి బ్రహ్మాస్త్రం ఇంకొకటుంది: కోమా. 'పోకెమాన్' కథానాయకుడు యాష్ 1997 నుంచి 2023 దాకా పదేళ్ల పిల్లవాడిగానే ఉండిపోయాడు. ఎందుకు? మొదటి ఎపిసోడ్‌లో పికాచు అనే జీవి విద్యుత్తు తగిలి కోమాలో పడ్డాడట, మిగతా కథంతా ఆసుపత్రి మంచం మీది కల అట. పదేళ్ల పిల్లల కోసం తీసే కార్టూన్‌లో, పదేళ్ల పిల్లలు కొనే ఆటలూ బొమ్మలూ అమ్ముడుపోతున్నంతకాలం హీరోకు మీసాలు ఎందుకు మొలిపిస్తారన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 'బాహుబలి' మొదటి భాగం వచ్చిన 2015 జులై 10 నుంచి రెండో భాగం వచ్చిన 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని జుట్టు పీక్కుంది. చంపమని బాహుబలే అడిగాడన్నారు, అసలు చావలేదన్నారు. తీరా చూస్తే శివగామి ఆజ్ఞ అయింది, చంపాడు. సింహాసనం మాటకు తాను కట్టుబానిసనని కట్టప్ప మొదటి భాగంలోనే చెప్పుకున్నాడు. సగం జవాబు తెర మీదే ఉంది. తెర తప్ప అన్నీ చూసినవాళ్లకు అది కనిపించలేదు.

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడిగా చెప్పుకునే కొలచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాయబోతూ ఒక నియమం పెట్టుకున్నాడు. మూలంలో ఆధారం లేని ముక్క రాయననీ, అవసరం లేని మాట చెప్పననీ. కాళిదాసును అంత లోతుగా చదివినవాడికే ఆ హద్దు కావలసివస్తే, ఫ్రిజ్‌లో పెంగ్విన్‌ను చూసి పితృకార్యం తలపెట్టినవాళ్లకు ఇంకెంత గట్టి హద్దు కావాలి!

కాబట్టి సిద్ధాంతిగారికి నాదొక్కటే విన్నపం. మీ తదుపరి సిద్ధాంతం లోకం మీదికి వదిలేముందు, దాని కింద ఒక్క వాక్యం రాయండి: కథలో ఫలానాది జరిగితే నా మాట తప్పని ఒప్పుకుంటాను. ఆ వాక్యం రాయగలిగితే మీ ఊహ మాకూ సరదాయే, కలిసి వెతుకుదాం. రాయలేకపోతే మాత్రం కార్టూన్లు వదిలి పంచాంగం రాసుకోండి. అందులో కనీసం సూర్యోదయం వేళైనా సరిగ్గా రాయాలి. తప్పు రాస్తే ఆ మర్నాడే దొరికిపోతారు.