వేలానికి ముందురోజు స్టే తెచ్చుకోవడం ఎలా?

బ్యాంకు నుంచి పోస్టులో కవరు వస్తే మొట్టమొదట చేయాల్సిన పని దాన్ని తీసుకోకపోవడం. పోస్ట్‌మ్యాన్‌ని గుమ్మంలోనే ఆపి "ఆయన ఊళ్లో లేరు" అని ఇంట్లోవాళ్ల చేత చెప్పించండి. కవరు తిరిగి వెళ్లిపోతే అప్పూ దాని వెంటే వెళ్లిపోతుందని ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు ఘంటాపథంగా చెబుతారు. వాళ్లిప్పుడు అద్దె ఇళ్లలో ఉంటున్నారు, అది వేరే సంగతి.

ఆ కవరులో ఉండేది 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద ఇచ్చే డిమాండు నోటీసు. ఈఎంఐ బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆ తర్వాత ఇది వస్తుంది. 60 రోజుల్లో మొత్తం బాకీ తీర్చమంటుంది. మీరు తీసుకోకపోతే తలుపుకి అంటించి, పత్రికలో వేయించి, అందినట్టే రాసుకుంటారు. ఈ వ్యవహారం మొత్తంలో మీకు దొరికే చవకైన గడువు ఈ 60 రోజులే గనుక దీన్ని జాగ్రత్తగా వృథా చేయాలి. లెక్క తప్పుందనో, పెనాల్టీ ఎక్కువ వేశారనో, ఉద్యోగం పోయింది కిస్తీలు సర్దమనో ఒక అర్జీ రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. ఇవ్వకపోతే రేపు ట్రిబ్యునల్లో మీకదే పెద్ద పట్టు. కాబట్టి రాయకండి. బ్రాంచి మేనేజరు దగ్గరికి అసలే వెళ్లకండి. బకాయి కిస్తీలు కట్టేస్తే ఖాతా మళ్లీ దారిన పడుతుందని అంటాడు. నెలకు 38 వేల కిస్తీ అయితే మూడు నెలలకు లక్షా పద్నాలుగు వేలు. అంత చిన్న మొత్తంతో తేలిపోయే తగాదా మీ హోదాకి తగదు.

ఆ తర్వాత గేటుకి పొజెషన్ నోటీసు అంటిస్తారు, రెండు దినపత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి తెలుగు పత్రికే. గేటు మీది కాగితాన్ని చీకటిపడ్డాక నీళ్లు చల్లి, నానబెట్టి ఊడబీకండి. మైదా జిగురు కదా, చుట్టూ ఊడి మధ్యలో ముక్క మిగులుతుంది, మీ పేరూ ఇంటి నంబరూ సరిగ్గా ఆ ముక్కలోనే ఉంటాయి. ఎదురింటావిడ అప్పటికే ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేసి ఉంటుంది గనుక కంగారేమీ లేదు. ఆ నోటీసు అంటించిన రోజు నుంచి 45 రోజుల్లోగా 17వ సెక్షన్ కింద డీఆర్‌టీకి, అంటే రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఉంది, విశాఖలో ఉంది, మరీ దగ్గర. దగ్గర్లో ఉన్న దేవుడికి మహిమ ఉండదు.

మీరు వెళ్లాల్సింది ఊళ్లో సివిల్ కోర్టుకి. ఈ చట్టం కింద బ్యాంకు తీసుకునే చర్యల మీద సివిల్ కోర్టు ఇంజంక్షన్ ఇవ్వకూడదని 34వ సెక్షన్ అంటుంది. బ్యాంకే మోసం చేసిందని చూపించగలిగితే ఏదో కొద్దిగా సందుందని 2004లో మార్డియా కెమికల్స్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సందులోంచి మీ మూడంతస్తుల ఇల్లు దూరిపోతుందని చెప్పే ప్లీడరు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. ఆయన్నే పెట్టుకోండి. మీ మైనరు కొడుకు చేత, వాడి తరఫున మీ ఆవిడే గార్డియన్‌గా, భాగం పంచమని మీ మీదే దావా వేయించండి. ఇల్లు తాతగారి ఆస్తి అనండి. మీరు 2014లో కొన్నట్టు సేల్ డీడ్ ఉంది, తాతగారు 1998లోనే పోయారు, అయినా కోర్టులో తేదీలెవరు చూస్తారు? పైగా ఆ సేల్ డీడ్ ఒరిజినలు బ్యాంకు బీరువాలోనే ఉంది, పోయే భయం లేదు.

ఇంకా ధైర్యం చాలకపోతే బావమరిదిని అద్దెకున్నట్టు చూపించండి. డిమాండు నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అద్దెకివ్వకూడదని 13(13) చెబుతుంది గనుక ఒప్పందం మీద మూడేళ్ల కిందటి తేదీ వేయాలి. నూరు రూపాయల స్టాంపు కాగితం కొని, ముందువైపు పాత తేదీ రాయండి. వెనక్కి మాత్రం తిప్పకండి, అక్కడ స్టాంపు వెండరు వేసిన వరస నంబరూ, ఈ నెల తేదీ, మీ సంతకమూ ఉంటాయి. కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుందని అడిగితే "ఆయనకి చీకటంటే ఇష్టం" అని చెప్పొచ్చు.

పెరట్లో చోటుంటే బెండ విత్తనాలు కూడా చల్లండి. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదన్నది నిజమే, 31వ సెక్షన్‌లో ఉంది. నిజంగా సాగులో ఉందా లేదా అన్నది మొత్తం పరిస్థితుల్ని బట్టి చూడాలని 2018లో సుప్రీంకోర్టు ఇండియన్ బ్యాంకు కేసులో చెప్పింది. మునిసిపాలిటీ లేఅవుట్‌లో రెండొందల గజాల ప్లాటు, మధ్యలో బెండ మడి. పరిస్థితులన్నీ మీ వైపే.

ఈ లోగా వేలం ప్రకటన వస్తుంది. మొదటిసారి అమ్మేటప్పుడు మీకు 30 రోజుల నోటీసివ్వాలి, అంతకుముందు బ్యాంకు ఆమోదించిన వాల్యుయరు చేత ధర కట్టించాలి. తేదీల్లో తేడా ఉందా, పత్రికలో వేశారా, ధర మరీ తక్కువ కట్టారా అన్నవి వేళ్ల మీద లెక్కపెట్టి చూసేవే. వేలాలు కొట్టుడుపోయేది ఎక్కువగా ఇలాంటి చప్పటి తప్పుల మీదే కాబట్టి ఆ కాగితాలు చూడకండి. డీఆర్‌టీలో ప్రిసైడింగ్ ఆఫీసరు ముందు అమ్మాయి పెళ్లి గురించీ, అమ్మగారి షుగరు గురించీ చెప్పించండి. డబ్బు సర్దుబాటైనా ప్రకటన వచ్చేదాకా కట్టకుండా ఆగడం మరీ ముఖ్యం. పూర్వం అమ్మకం పూర్తయ్యేదాకా బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే వీలుండేది. 2016 సవరణ తర్వాత ఆ హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే. 2023లో సెలిర్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట మరీ గట్టిగా చెప్పింది.

ఇక వేలానికి ముందురోజు సాయంత్రం డీఆర్‌టీకి పరిగెత్తండి. స్టే రావచ్చు. ఆర్డరులో మొదటి వాక్యం చదివి ఆపేయండి, "వేలం నిలుపుదల" అని ఉంటుంది, మైసూర్‌పాక్ తెప్పించడానికి అది చాలు. దాని కిందే, బాకీలో 25 శాతం రెండు వారాల్లో కట్టాలి, కట్టకపోతే ఈ ఉత్తర్వు దానంతటదే రద్దవుతుంది అని ఉంటుంది. నలభై లక్షల బాకీకి అది పది లక్షలు. లక్షా పద్నాలుగు వేలు మీ హోదాకి తగదన్నాం కదా, ఇది సరిపోతుంది. రద్దయితే పైకోర్టుకి అప్పీలు ఉంది. మన రెండు రాష్ట్రాలకీ ఆ అప్పీలు ట్రిబ్యునల్ కోల్‌కతాలో ఉంది, వెళ్లేముందు బాకీలో సగం డిపాజిట్ కట్టాలి, బతిమాలుకుంటే పాతిక శాతానికి దించుతారు. హైకోర్టులో రిట్ వేద్దామంటే, ట్రిబ్యునలుండగా ఇక్కడికెందుకని 2010లోనే సత్యవతి టాండన్ కేసులో సుప్రీంకోర్టు విసుక్కుంది. అయినా వేయండి, ప్లీడరుగారికీ పిల్లలున్నారు.

చివరికి అడ్వకేట్ కమిషనరు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చి, తాళం పగలగొట్టి, గ్యాస్ స్టవ్వూ బియ్యం డబ్బా దాకా పంచనామా రాస్తాడు. వేలంలో బాకీ, ఖర్చులూ పోను మిగిలింది మీకే ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇంత జరిగాక ఆ బ్యాంకు మెట్లెక్కడం నామోషీ కదా, లెక్క అడగకండి. ఒకవేళ పాట తక్కువకే పోయి బాకీ తీరకపోతే మిగతాదానికి బ్యాంకు హామీ సంతకం పెట్టినవాళ్ల మీదికీ వెళ్తుంది. మీకు సంతకం పెట్టింది బావమరిదే. ఈ సంక్రాంతికి అత్తారింటికి వెళ్లే ఉద్దేశముంటే, ఆయనకి నోటీసు అందకముందే వెళ్లిరండి.